ఒక్క కుట్టు పటం

అటక మీది గాలిపటాలను ఎవరికో ఇచ్చేస్తున్నారన్న సంగతి డబుల్ అక్కకి భోజనాల దగ్గర తెలిసింది. అదైనా ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. భర్త మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ, గోడకేసి చూస్తూ, "ఆదివారం సాయంత్రం జెండా అన్న వ్యాను తెస్తానన్నాడు," అన్నాడు.

"ఎందుకు?"

"అవే... పైనున్నవి. ఊరికే దుమ్ము కొట్టుకుపోతున్నాయి కదా. వాళ్ళకైతే పనికొస్తాయి. మంచివాడు పాపం, నోరు తెరిచి అడిగాడు. సరేనన్నాను."

"ఎవర్నడిగి సరేనన్నారు?"

ఆయన గ్లాసు ఖాళీ చేసే పనిలో పడ్డాడు. ఖాళీ అయిపోయాక కూడా ఇంకాసేపు తాగాడు.

అత్తగారు కంచంలోంచి తలెత్తకుండానే కొడుకుని అడిగింది. "అవి నీవా, దానివా?"

"మనవేగా అమ్మా."

"మనవైతే దాన్నీ అడగాలి. దానివైతే దాన్నే అడగాలి. ఎటొచ్చీ నువ్వు అడగలేదన్నమాట."

"దాని మంచికేనమ్మా. ఆ చెయ్యి చూడు ఎలా ఉందో. అవి కళ్ళకి కనిపిస్తున్నంతకాలం దీని మనసు ఊరుకోదు. అవి లేకపోతే మెల్లిగా మర్చిపోతుంది."

"మర్చిపోవడానికి నేనేమన్నా బస్సులో గొడుగు వదిలేసి వచ్చానా?" అంది డబుల్ అక్క.

ఆ పేరు ఆవిడకి బస్సుల డిపోలో పడింది. డిపో వెనక సీట్ల షెడ్డులో రెక్సిన్ కవర్లు కుట్టడం ఆవిడ ఉద్యోగం. అందరూ ఒక కుట్టు వేసే చోట ఆవిడ రెండు వేస్తుంది. దారానికి మైనం పూసి, మూలల్లో మరో ముక్క అతికి, దాని చుట్టూ మళ్ళీ రెండు. "ఒకడు కూర్చుంటాడు, ఒకడు తొక్కుతాడు, ఇంకొకడు పనిలేక గోటితో పీకుతాడు. ముగ్గురికీ తట్టుకోవాలి," అనేది. బస్సు తుక్కుకింద పోతున్నా సీటు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా కూర్చుని ఉంటుందని షెడ్డు మేస్త్రీ నవ్వేవాడు.

గాలిపటాల్లోకి కూడా ఆవిడ ఆ కుట్టు పట్టుకునే వచ్చింది. ఏటి ఒడ్డున తలుపు రెక్కలంత పటాలు ఎగరేసే బృందం ఒకటుంది. వాళ్ళ నాయకుడు ఒడ్డున నిలబడి ఎర్రగుడ్డ ఊపితే తప్ప ఎవరూ పటం వదలరు కాబట్టి అందరూ ఆయన్ని జెండా అన్న అంటారు. ఒకసారి ఆయన చిరిగిన పటాన్ని చంకలో పెట్టుకుని సీట్ల షెడ్డుకి వచ్చాడు. ఆవిడ కుట్టి ఇచ్చింది. తర్వాత అది ఎన్ని గాలులకీ చిరగలేదు. ఎలా ఎగురుతుందో చూద్దామని ఒక సెలవురోజు ఒడ్డుకి వెళ్ళింది. చూడ్డానికి వెళ్ళిన మనిషి దారం పట్టుకుంది. ఇక వదల్లేదు.

గాలి పెరిగేకొద్దీ మిగతావాళ్ళు ఒక్కొక్కరే పటాలు దించుకునేవాళ్ళు. ఆవిడ మొహం అప్పుడే విచ్చుకునేది. ఒంట్లో ఉన్న బరువంతా మడమల మీదికి దించి, వెనక్కి వాలి, ఏదో మొండి గేదెని కట్టుకొయ్యకి లాక్కొస్తున్నట్టు నిలబడేది. ఇంట్లో, డిపోలో నోరెత్తని మనిషి అక్కడ ఆకాశంతో పోట్లాడేది.

దారాన్ని పిడికిలికి చుట్టుకోకూడదన్నది ఆ ఒడ్డు మీద మొదటి పాఠం. ఆవిడే కొత్తవాళ్ళకి చెప్పేది. ఒకరోజు ఆవిడే చుట్టుకుంది. ఉన్నట్టుండి ఒక ఊపు వచ్చింది. పటం ఆవిణ్ణి ఇసుక మీద ఈడ్చుకుపోతూ ఉంటే వెనక భర్త పరుగెత్తాడు, కాలు దొరకపుచ్చుకోబోయాడు, చేతిలోకి చెప్పు ఒక్కటే వచ్చింది. పటం చిరగలేదు. దారం తెగలేదు. కుట్టు ఊడలేదు. ఊడింది ఆవిడ కుడి భుజం ఒక్కటే.

"దేనివల్ల జరిగిందమ్మా?" అని ఆస్పత్రిలో అడిగితే, "గాలిపటం," అంది. అడిగినామె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆ నవ్వు భుజం కన్నా ఎక్కువకాలం నొప్పి పెట్టింది.

భుజాన్ని దాని చోట కూర్చోబెట్టారు గానీ, అది అద్దెకొచ్చినదానిలాగే ఉండిపోయింది. డిపోలో పెద్ద మిషను మీదనుంచి లేపి, కిటికీ పక్క బల్ల మీద కూర్చోబెట్టారు. కవర్లకి మిగిలిపోయిన దారాల కొసలు కత్తిరించడం పని. ఆవిడ మిషను మీద కూర్చున్నవాళ్ళు ఒక్క కుట్టే వేసేవాళ్ళు. ఆవిడ చూస్తూ కొసలు కత్తిరించేది. ఏమీ అనేది కాదు. ఇప్పుడు అటక కూడా ఖాళీ చేస్తామంటే మాత్రం అనాలనిపించింది.

"ఆదివారం సాయంత్రమేగా ఆయన వచ్చేది?" అంది, కంచం పక్కకి జరిపి. "ఆలోపు ఈ చేత్తోనే పటం లేపి చూపిస్తాను. లేపితే ఆ అటక జోలికి ఎవరూ రాకూడదు. ఇవాళే కాదు, ఎప్పటికీ."

"లేపలేకపోతే?"

"నేనే నిచ్చెనెక్కి దించి వ్యాన్లో పెడతాను."

"ఏటి ఒడ్డుకి నిన్ను వెళ్ళనివ్వను. కాళ్ళకి అడ్డం పడుకుంటాను."

"ఏటి ఒడ్డు ఎవరిక్కావాలి? ఇక్కడే. వెనక ఆవరణలో."

ఆయన నవ్వేశాడు. వాళ్ళుండేది డిపో క్వార్టర్లలో. వెనక ఆవరణ అంటే పాత బస్సులు నిలబెట్టే చోటు. ఒకపక్క షెడ్లు, ఒకపక్క ఎత్తు గోడ, మూడో పక్క వాళ్ళ ఇళ్ళే. అక్కడ ఆరేసిన బట్టలు సాయంత్రానికి కూడా తడిగానే ఉంటాయి. బస్సు స్టార్టు చేస్తే వచ్చిన పొగ బస్సు వెళ్ళిపోయాక కూడా అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది.

"పొగే కదలదు అక్కడ," అన్నాడు.

"మరీ మంచిది. నన్ను ఈడ్చుకుపోయే పనీ ఉండదు. మీ భయం అదేగా?"

ఆయన డిపోలో బ్రేకుల మెకానిక్. దేన్నైనా ఆపడం ఆయనకి చేతనైన విద్య. దీన్ని మాత్రం ఎక్కడ నొక్కాలో తోచలేదు. "భుజం పట్టుకుని ఒక్కసారి అబ్బా అన్నా ఓడిపోయినట్టే," అని మెలికపెట్టాడు. సరేనంది. తీర్పరి అత్తగారు. ఆవిడ ఎవరి పక్షమూ కాదు, ఓడిపోయినవాళ్ళని మాత్రం తిడుతుంది.

మర్నాడు డ్యూటీ దిగి, గాలాల దుకాణానికి వెళ్ళింది. చేపల గాలాలు, గుడారాలు, గాలిపటాల సామాను ఒకే చోట అమ్ముతారక్కడ. దుకాణదారు కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, దాంతో చూడగా ఎవరూ చూడలేదు.

"గాలి లేని చోట ఎగిరేది కావాలి," అంది.

"అయితే అక్కా, పాత సామానంతా పక్కన పడేసి అప్‌గ్రేడ్ అవ్వాల్సిందే." ఆయన హుషారుగా బల్ల మీద ఒక్కొక్కటే పరిచాడు. "గాలి తక్కువ కాబట్టి ఉన్నదంతా పట్టుకోవాలి. అంటే పెద్ద రెక్కలు. పెద్ద రెక్కలు వంగకుండా లావు పుల్లలు. ఇవి కార్బన్‌వి, ఏనుగు తొక్కినా ఏం కావు. లావు పుల్లలకి తగ్గ గట్టి దారం. గట్టి దారానికి తగ్గ పెద్ద చక్రం."

ఆవిడకి ఆ మాటలు సొంత భాషలా వినిపించాయి. పుల్లని మోకాలికి ఆనించి వంచి చూసింది. దారాన్ని ఎడమ చేతికి చుట్టుకుని, రెండో కొస కాలికింద తొక్కి, గట్టిగా గుంజి చూసింది. తెగలేదు. ఏది ఎక్కువ మొండికేస్తే దాన్నే పక్కన పెట్టుకుంది. ఇన్నేళ్ళూ అలాగే ఎంచుకుంది మరి. షెడ్డులో రెక్సినైనా, ఒడ్డు మీద తాడైనా.

ఇంట్లో చిన్న మిషను మీద ఎడమ చేత్తో తోసుకుంటూ, కుడి చేత్తో ఊరికే ఆనిస్తూ కుట్టింది. రెండు కుట్లు. దారానికి మైనం. మూలలకి రెక్సిన్ ముక్కలు. వెనక పొడవాటి తోక. అయ్యాక చూసుకుంటే ముచ్చటేసింది. సీటులో వేసినా పదికాలాలు ఉండే పటం.

ఆవరణలో సాయంత్రం షిఫ్టు డ్రైవర్లు టీ తాగుతూ ఉన్నారు. ఆవిడ దారం పరిచి, పటాన్ని బస్సు బంపరుకి ఆనించి నిలబెట్టి, అవతలి కొసకి వెళ్ళి లాగింది. పటం ముక్కు ఎత్తింది. కాస్త ఆలోచించింది. తడిసిన దుప్పటిలా బొక్కబోర్లా పడింది. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ పడింది. మూడోసారి బంపరుని వదిలి రానేలేదు.

"అక్కా, బస్సుకి టాపు కుట్టావా?" అన్నాడొక డ్రైవరు.

"టాపు కాదురా, సీటు కవరు. ఎవరో ఒకరు ఎక్కి కూర్చుంటే గానీ కదలదు," అన్నాడు ఇంకొకడు.

"టిక్కెట్టు కొట్టండ్రా, కదుల్తుంది!"

ఆవిడ పటాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంట్లోకి నడిచింది. భర్త గుమ్మంలోనే ఉన్నాడు. ఏమీ అనలేదు. అనకుండా ఉండటంలో ఎంత దయ ఉందో, అంతే విజయం కూడా ఉంది. ఆ దయకే ఆవిడకి ఒళ్ళు మండింది.

భుజానికి రోజూ ఒక కసరత్తు చెయ్యాలి. కుడి చెయ్యి బారచాపి, గ్లాసు పట్టుకుని నిలబడాలి. అందులో అత్తగారు కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తుంది. చెయ్యి వణికితే ఆపుతుంది. అత్తగారికి ఆ పని భలే సరదా. కోడలు తన ముందు చెయ్యి చాపి కదలకుండా నిలబడే అవకాశం ఎన్నిసార్లొస్తుంది?

ఆ రోజు కూడా మొహం గంటుపెట్టుకునే నిలబడింది. కళ్ళు మూసుకుంది.

"పోశానా?" అంది అత్తగారు.

"పోశారు."

"ఎంత?"

"ఒక చెంచా."

అత్తగారు ఈసారి వేలు ముంచి, తడివేలు గ్లాసులో విదిలించింది. "ఇప్పుడో?"

"ఏదో పడింది. రెండు మూడు చుక్కలు."

"ఎడమ చేత్తో పట్టుకో చూద్దాం." ఎడమ చేతిలో గ్లాసు పెట్టి, అర గ్లాసు వంపేసింది. "ఇప్పుడు?"

ఎడమ చేతికి పెద్దగా తేడా తెలియలేదు. ఆ చేతికి ఏదైనా ఒకటే. రెక్సిన్ చుట్టలు మోసిన చెయ్యి అది. డబుల్ అక్క కళ్ళు తెరిచి, గ్లాసుని కుడి చేతిలోకి మార్చుకుని, మళ్ళీ మూసుకుంది. అర గ్లాసు నీళ్ళు భుజం దాకా పాకి, అక్కడ కూర్చుని, నేనిక్కడున్నానని చెప్పాయి.

"అత్తయ్యా," అంది నెమ్మదిగా, "ఆ పటం నేను ఈ చేత్తో ఎత్తి చూడనేలేదు."

"అదెందుకు చూస్తావు? మంచి చెయ్యి ఉండగా."

"అదే తప్పు."

గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళి, పటాన్ని కుడి చేత్తో ఎత్తింది. నడుము దాకా రాకముందే భుజం మూలిగింది. పుల్లలు తీసేసి ఎత్తింది. తోక విప్పి ఎత్తింది. దారపు చక్రం ఒక్కదాన్నే ఎత్తబోయి మానేసింది. కదలని గాలి పాపం ఏం చేస్తుంది, దానికున్నదీ ఇలాంటి భుజమే కదా అనిపించింది. దానిచేత బస్సు సీటుని ఎత్తించబోయింది తను.

దుకాణదారు ఆవిణ్ణి చూడగానే, "ఎగిరిందా అక్కా?" అన్నాడు.

"లేదు. ఉన్నవన్నీ తియ్యండి. ఒక్కొక్కటీ ఈ చేతిలో పెట్టండి." కుడి చెయ్యి చాపి, కళ్ళు మూసుకుని నిలబడింది.

"ఇదేం సోదె అక్కా? జాతకం చెప్పాలా?"

"పెట్టండంటున్నా."

ఆయన లావు పుల్ల పెట్టాడు. తల అడ్డంగా ఊపింది. దానికన్నా సన్నది. ఊహూ. ఇంకా సన్నది. అలా వెళ్ళి వెళ్ళి, చివరికి పెట్టెల వెనకనుంచి, ఎవరూ అడగక మూలపడి ఉన్న కట్ట ఒకటి లాగాడు. పెట్టాడు. ఆవిడ కొంచెంసేపు ఊరుకుని, "పెట్టారా?" అంది.

"పెట్టానుగా!"

"అయితే ఇదే."

"ఇది చూస్తేనే విరిగిపోతుందక్కా. మాట గట్టిగా అంటే విరిగిపోతుంది."

"విరగనివ్వండి. ఇంకో రెండు ఎక్కువివ్వండి."

దారమూ అలాగే ఎంచుకుంది. చేతిలో ఉందో లేదో వేళ్ళు రుద్ది చూసుకోవాల్సినంత సన్నది. గుంజి చూడబోయిన ఎడమ చేతిని మధ్యలోనే ఆపుకుంది, ఎవరో పిల్లని మందలించినట్టు. గుడ్డల్లో అన్నిటికన్నా పల్చటిది, వెలుతురుకి పెడితే అవతల దుకాణదారు ముక్కు కనిపించేది. చక్రం దగ్గరికి వచ్చేసరికి, "ఇంత సన్న దారానికి చక్రమెందుకు? అట్టముక్కకి చుట్టుకుంటాను," అంది.

"అప్‌గ్రేడ్ అంటే పైకెళ్ళడం అక్కా. నువ్వు కిందికి దిగుతున్నావు," అన్నాడాయన దిగులుగా, పాత సామాను వెనక్కి తీసుకుంటూ.

"మీ మాటకేం. పటం పైకెళ్తే చాలు."

ఇక కుట్టు మిగిలింది. అదే కష్టమైంది.

మధ్యాహ్నం తిండివేళ షెడ్డులో అందరూ లేచాక, తన పాత మిషను దగ్గర కూర్చుంది. పల్చటి గుడ్డ అంచు మడిచి ఒక కుట్టు వేసింది. పాదం దానంతటదే రెండో కుట్టుకి తొక్కబోయింది. ఆపింది. గుడ్డ కింద పెట్టింది. మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ ఒంటికుట్టుని చూస్తూంటే చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి వచ్చినట్టుంది. ఇది ఊడిపోతే? ఊడితే ఎవరైనా చూస్తే? డబుల్ అక్క కుట్టు ఊడిందట అని డిపో అంతా...

ఊడితే ఊడుతుంది, అనుకుంది. నేనూ ఊడాను. మళ్ళీ పెట్టారు. ఉన్నాను.

అప్పటికే మేస్త్రీ టీ గ్లాసుతో వెనక నిలబడి ఉన్నాడు. "ఒక్కటేనా?" అన్నాడు. "ఒంట్లో బాగానే ఉందా?"

"దివ్యంగా ఉంది."

"మరి మూలలకి ముక్కలు?"

"లేవు."

"మైనం?"

"లేదు."

ఆయన టీ మర్చిపోయాడు. "నువ్వు పనిలో చేరినప్పట్నుంచీ నన్ను ఏడిపించింది దేనికి మరి? ఒక్క కుట్టు చాలని నేను మొత్తుకుంటే?"

"బస్సుకి చాలదు. ఇప్పటికీ చాలదు," అంది, తలెత్తకుండా. "వచ్చే వారంనుంచి నా మిషను నాకిచ్చెయ్యండి. ఎడమ చేత్తో తోస్తాను. మీవాళ్ళు వేసిన సీట్లు ఊడొచ్చేస్తున్నాయి. కొసలు కత్తిరిస్తూ రోజూ చూస్తున్నా."

చూస్తాం అన్నాడు మేస్త్రీ. ఆ మాటకి ఆయన దగ్గర చాలా అర్థాలున్నాయి గానీ, లేదు అన్న అర్థం మాత్రం ఆ రోజు వినపడలేదు.

ఆదివారం సాయంత్రానికి గాలి పూర్తిగా చచ్చిపోయింది. ఆవరణలో పడి ఉన్న ప్లాస్టిక్ సంచి ఒకటి పొద్దుటినుంచీ పడిన చోటే ఉంది. అత్తగారు కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, న్యాయమూర్తిలా సర్దుకుని కూర్చుంది. జెండా అన్న వ్యాను గేటులోంచి వచ్చి ఆగింది. దిగుతూనే ఆకాశంకేసి చూశాడు. అది ఆయన అలవాటు.

"చెల్లెమ్మా, ఎలా ఉంది భుజం?" అన్నాడు. మంచివాడే. గొంతులో నిజంగానే జాలి ఉంది. "పందెం సంగతి బావ చెప్పాడు. ఎందుకమ్మా? ఇవాళ ఏటి ఒడ్డున కూడా ఆకు కదల్లేదు. మేమే మూటకట్టి వచ్చేశాం."

"మీరు రావడం మంచిదైంది అన్నా. చూసి వెళ్దురుగాని."

పటాన్ని తెచ్చింది. దాన్ని పట్టుకున్న తీరు చూస్తే చేతిలో ఏమీ లేనట్టే ఉంది. జెండా అన్న దగ్గరికొచ్చి మూల తడిమి, "ఒకటే కుట్టు!" అని భర్తకేసి చూశాడు, మనిషికి ఏమైనా అయిందా అన్నట్టు.

పటాన్ని నేల మీద వెల్లకిలా పెట్టి, అట్టముక్క మీది దారం వదులుతూ ఆవరణ అవతలి కొస దాకా నడిచింది. దారాన్ని పిడికిలికి చుట్టుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, సూదిలోకి ఎక్కించబోయే దారంలా పట్టుకుంది. కుడి చేత్తోనే.

లాగింది.

ఇన్నేళ్ళ అలవాటు ఒక్కసారి భుజంలోంచి లేచింది. చెయ్యి వెనక్కి విసిరింది. పటం పల్టీ కొట్టి నేలకి తగిలింది. భుజం కలుక్కుమంది. నోటిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య నొక్కేసింది.

"అబ్బా అందా?" అంది అత్తగారు.

"అనలేదమ్మా," అన్నాడు భర్త. ఆయన మొహం పాలిపోయి ఉంది. రెండు అడుగులు ముందుకొచ్చాడు. "కానీ చాలు. ఇంక చాలు. నేను చూడలేను."

"చూడలేకపోతే అటు తిరగండి," అంది డబుల్ అక్క.

ఆయన తిరగలేదు. అక్కడే ఆగాడు.

ఆవిడ పటం దగ్గరికి నడిచి వెళ్ళింది. ఒక పుల్ల విరిగింది. నడుం దగ్గర దోపుకున్న ఇంకో పుల్ల తీసి దాని చోట దూర్చింది. దారం కట్టిన ముడిని ముక్కు వైపు గోరంత జరిపింది. వెనక్కి వచ్చింది. చెయ్యి వంచి, మోచేతిని పక్కటెముకలకి ఆనించి, ఇక అది కదలదన్నట్టు బిగించింది. లాగడానికి చెయ్యొద్దు. కాళ్ళు ఉన్నాయిగా. కాళ్ళకేం కాలేదుగా.

వెనక్కి నడవడం మొదలుపెట్టింది. మెల్లిగా, నిద్రపోతున్న పసిబిడ్డ దగ్గరనుంచి లేచి వచ్చేటప్పుడు నడిచినట్టు.

పటం ముక్కు ఎత్తింది. ఈసారి ఆలోచించలేదు. నేల వదిలింది. మోకాళ్ళంత ఎత్తు, కిటికీ అంత, బస్సు టాపు అంత. టాపు దాటాక ఆవిడ ఆగింది. ఆగితే పడిపోవాలి. పడలేదు. దారం వదులు చేసింది. పటం ముక్కు దించి, ఆవరణ మీద జారుతూ దూరంగా వెళ్ళింది, తెడ్డు వెయ్యని పడవలా. మళ్ళీ రెండడుగులు వెనక్కి. మళ్ళీ పైకి. వదులు. జారుడు. మళ్ళీ పైకి. ప్రతిసారీ ఇంకాస్త. షెడ్డు కప్పు అంచున ఎండ మిగిలి ఉంది. పటం ఆ ఎండలోకి వెళ్ళేసరికి పల్చటి గుడ్డ అంతా వెలిగింది, ఒంటికుట్టు గీత మాత్రం నల్లగా కనిపించింది.

టీ దగ్గరి డ్రైవర్లు లేచి నిలబడ్డారు. ఎవరూ టిక్కెట్ల మాట ఎత్తలేదు.

"నొప్పా?" అని అరిచాడు భర్త.

"చేతిలో ఏమన్నా ఉంటేగా నొప్పి!"

జెండా అన్న తల వెనక్కి వాల్చి చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "బాగుంది చెల్లెమ్మా. కాదనను. కానీ దీన్ని ఎగరెయ్యడం అనరు. గాలి లేదు కదా. నువ్వు నడుస్తున్నావు, అది వస్తోంది. గాలి పటాన్ని లాగాలి, మనం ఆపాలి. అదీ ఆట."

"గాలి లాగితే మీ ఆట అన్నా. నేను లాగితే నా ఆట." కళ్ళు పటం మీదనుంచి తియ్యకుండానే అంది. "ఇన్నాళ్ళూ అది లాగినట్టల్లా నేను వెళ్ళాను. ఇవాళ నేను నడిచినట్టు అది వస్తోంది. మీకు నచ్చకపోతే మీ గాలొచ్చినప్పుడు రండి."

భర్త నోరు తెరిచాడు. ఆవిడ జెండా అన్నతో అలా మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు.

"అయినా పందెం ఎగరడానికి కదా," అన్నాడు జెండా అన్న, అత్తగారి వైపు తిరిగి. "మీరే చెప్పండి పెద్దమ్మా."

అత్తగారు కళ్ళజోడు తీసింది. "నాకు మీ ఆటల సంగతి తెలీదు. నా మెడ మాత్రం పైకెత్తి ఉంది, నొప్పి పుడుతోంది. కింద ఉన్నదాన్ని చూడ్డానికైతే మెడ ఎత్తక్కర్లేదుగా? ఎగిరింది. అంతే." కొడుకు వైపు తిరిగింది. "ఓడిపోయావు. వెధవా, ఇంకోసారి దాన్నడక్కుండా దాని వస్తువులు ఎవరికైనా ఇస్తానన్నావంటే ముందు నిన్నిచ్చేస్తాను, ఈ వ్యాన్లోనే."

డ్రైవర్లు ఘొల్లున నవ్వారు. జెండా అన్న కూడా నవ్వాడు. వ్యాను తలుపు దగ్గర చెయ్యి పెట్టి, కాస్త తటపటాయించి, మళ్ళీ అడిగాడు. "పటాలు ఉంచుకో చెల్లెమ్మా. ఆ పెద్ద చక్రం, ఆ లావు తాడు, అవైనా ఇవ్వొచ్చుగా? నీ భుజంతో వాటిని ఇక వాడలేవు. ఆ సంగతి నీకూ తెలుసు."

"తెలుసు. వాడను."

"మరి ఎందుకు?"

"నావి కాబట్టి," అంది. "వాడినా నావే, వాడకపోయినా నావే. ఇవ్వాలనిపించినరోజు నేనే నిచ్చెనెక్కి, నేనే దించి, నాకు ఇష్టమైనవాళ్ళకి ఇస్తాను. అది మీరే కావచ్చు. ఇవాళ మాత్రం కాదు."

వ్యాను ఖాళీగా వెనక్కి తిరిగింది. అది వెళ్తూ వదిలిన పొగ ఆవరణలో అలాగే నిలబడింది. పటం ఆ పొగ మీదుగా, దానికేమీ పట్టనట్టు జారింది.

భర్త మెల్లిగా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆవిడ చేతికేసి చూశాడు. వేళ్ళ మధ్య దారం ఉందో లేదో ఆయనకి కనిపించలేదు. "నిజంగా లాగడం లేదా?" అన్నాడు.

"పట్టుకుని చూడండి."

గ్రీజు వేళ్ళు చొక్కాకి తుడుచుకుని, రెండు వేళ్ళతో దారం అందుకున్నాడు. అందుకున్న మరుక్షణం, ఎక్కడ చేజారిపోతుందోనని, బ్రేకు పట్టినట్టు బిగించి తనవైపు లాక్కున్నాడు. పైన పటం ఉలిక్కిపడి తలకిందులైంది.

"వదలండి! వదలండంటే!" అని దారం లాక్కుని, వెనక్కి నాలుగడుగులు గబగబా వేసి, పటాన్ని నేల తాకేలోపు మళ్ళీ లేపుకుంది డబుల్ అక్క. అది షెడ్డు కప్పు దాటి ఎండలోకి వెళ్ళాక గానీ ఆయనకేసి చూడలేదు.

"మీ చెయ్యి చాలా బరువు," అంది. "రేపటినుంచి మీరూ గ్లాసు పట్టుకోండి. అత్తయ్య నీళ్ళు పోస్తారు."